పొగతో చేసిన ప్లాస్టిక్

"మా కోడలు పొగతోని ప్లాస్టిక్ చేస్తదంట" అని మా అత్తమ్మ కిష్టమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వుతుంది. ఆ మాట అన్నప్పుడల్లా నేను పొయ్యి దగ్గరే ఉంటాను, జొన్నరొట్టెలు కొడుతూ. "గా పొయ్యిల పొగ పట్టి నాకొక బిందె చేసియ్యరాదే పిల్లా" అంటుంది. వచ్చినవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే చదువుకున్నదానికి పొగరంటారు.

పెళ్లికి ముందు హైదరాబాదులో నేను చేసిన పరిశోధన నిజంగా అదే. ఫ్యాక్టరీ గొట్టంలోంచి వృథాగా పోయే పొగలో బొగ్గుపులుసు వాయువును వేరుచేసి సిలిండర్లలో పట్టి తెచ్చేవారు. దాన్ని ఇంకో రసాయనంతో, జింకు కలిసిన ఒక పొడితో రియాక్టర్ అనే మూత బిగించిన ఉక్కుపాత్రలో ఒత్తిడి మీద వేడిచేస్తే ప్లాస్టిక్ కావాలి. నాకు ప్రతిసారీ బెల్లంపాకంలా జిగురే వచ్చేది. ఆ పొడిలో కంటికి కనపడని తడి మిగిలిపోతోందేమోనని అనుమానం వచ్చేసరికి పెళ్లయింది. బిజినేపల్లి వచ్చాను. చిన్ని పుట్టింది.

"పెళ్లయినంక పీహెచ్‌డీ చేసుకుంటదిలే మామా" అని మా నాన్నకు మాటిచ్చింది నా భర్త నిరంజనే. ఇప్పుడు అడిగినా "చేసుకో, నేనేమన్న వద్దన్ననా?" అంటాడు. నిజమే, ఎన్నడూ వద్దనలేదు. పత్తి ఏరే కూలోళ్లకు అన్నం ఎవరు వండుతారనీ, చెల్లె కాన్పుకొస్తే ఎవరు చూస్తారనీ మాత్రం అడుగుతాడు. నా దగ్గర జవాబుండదు. ఆయన దగ్గరా ఉండదు, కానీ ఉండాల్సింది నా దగ్గరేనని ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు వేల ఏడు చలికాలంలో నా పరిశోధన చూసే మా సార్ ఫోన్ చేశాడు. "జయశ్రీ, ఈ వారం రియాక్టర్ ఖాళీగా ఉంది. వస్తే రా. లేకపోతే సుమన్‌కు ఇచ్చేస్తాను." సుమన్ నా జూనియర్. నేను బతిమాలితే నిరంజన్ ఒప్పుకున్నాడు. రొట్టెలు చేసి, కూరలు వండిపెట్టి, చిన్నిని అత్తమ్మకు అప్పజెప్పి తెల్లవారుజామునే బస్సెక్కాను.

ఆ పగలంతా జింకు పొడిని ఆరబెట్టాను. సాయంత్రం మూత బిగించి వాయువు వదిలాను. చేతులు ఏమీ మరచిపోలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఒత్తిడి ముల్లు కిందికి దిగుతోంది. అంటే వాయువు ఖర్చవుతోంది, లోపల ఏదో తయారవుతోంది. సుమన్, నేనూ ఆ ముల్లు ముందు చిన్నపిల్లల్లా నిలబడిపోయాం. అప్పుడే నిరంజన్ ఫోన్.

"చిన్నికి జరం. ఒళ్లు కాలిపోతుంది. దవాఖానకు తీస్కపోవాలె, నువ్ జల్ది రా."

"సాయంత్రం మూత తీసి బయల్దేరుత. అందాక మీరు తీస్కపోరాదు?"

"బిడ్డకన్న ఎక్కువనా నీకు గా డబ్బా?"

డబ్బాను సుమన్‌కు వదిలేసి బయల్దేరాను. దారి పొడవునా మూసిన కళ్లలో చిన్ని ముఖమే. జ్వరం తలకెక్కిందేమో, నన్ను అడుగుతోందేమో, ఏం తల్లిని నేను అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

చిన్ని గడపలో కూర్చుని మక్కపేలాలు తింటోంది. నన్ను చూసి ఉరికొచ్చింది. నుదురు ముట్టుకున్నాను, చల్లగా ఉంది.

"మాపటికి రోజా అత్తగారోళ్లు వస్తున్నరు. నాతోనైతదా గంతమందికి వండుడు?" అంది అత్తమ్మ నా వైపు చూడకుండా. రోజా మా ఆడబిడ్డ.

నిరంజన్ మాత్రం నా వైపే చూశాడు. నవ్వాడు కూడా. "గట్ల చెప్పకుంటే నువ్ వస్తవా?"

చీర మార్చుకోకుండానే వంకాయలు తరగడానికి కూర్చున్నాను.

చుట్టాలకు వడ్డిస్తుంటే సుమన్ ఫోన్ చేశాడు. "అక్కా, వచ్చింది! అద్దం లెక్కుంది. చేత్తోని గుంజి చూసిన, తెగలే." ఆ తరువాత గొంతు తగ్గించాడు. "మిగిలిన పరీక్షలు నన్నే చెయ్యమన్నడు సార్. రీసెర్చ్ పేపర్ల నా పేరు ముందుంటదంట. నీ పేరు గూడ ఉంటదక్కా."

"మంచిది సుమన్" అన్నాను. లోపల్నుంచి ఎవరో పచ్చిపులుసు అడిగారు. తీసుకెళ్లి పోశాను.

చుట్టాలు వెళ్లిపోయాక నిరంజన్ చేతులు కడుక్కుంటూ "ఇంక అలిగే ఉన్నవా?" అన్నాడు.

"అలగలే. కానీ రేపు చిన్నికి నిజంగ జరమొచ్చిందని చెప్పినా నేను నమ్మను."

ఆయన తువ్వాలు తీసుకుని నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు.

"నమ్మకున్నా వస్తవు" అన్నాడు.

రెండు రోజుల్లో ఆయన నాతో చెప్పిన ఒకే ఒక్క నిజం అది.