బొడ్డు చుట్టూ చర్మం

కుక్క పొట్ట తుడిచేటప్పుడు బొడ్డు దగ్గర చెయ్యి నెమ్మదించాలి. కుక్కకు బొడ్డేమిటని నవ్వకండి. పక్కటెముకలు అయిపోయే చోట, నడిమధ్యన, వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. వాటి కింద పాత గాటులాంటి మచ్చ ఉంటుంది. అదే బొడ్డు. పులిపిరి అనుకుని గిల్లేవాళ్ళున్నారు, పిడుదు అనుకుని పీకబోయేవాళ్ళున్నారు. అక్కడ గోరువెచ్చని నీళ్ళు చాలు. మెత్తటి బట్టతో అద్దాలి, రుద్దకూడదు, పౌడరు కొట్టకూడదు, గాలి ఆడనివ్వాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కుక్కలకు స్నానం చేయించే కొట్లో రోజంతా నా పని ఇదే. పరాయి కుక్కల బొడ్లు అద్ది అద్ది సాయంత్రం ఇంటికొస్తానా, నా కూతురి బొడ్డు మీద అత్తగారు నాణెం పెట్టి బిగించిన పట్టీ ఉంటుంది. దాని జోలికి మాత్రం పోను.

పాపకింకా ఏడాది నిండలేదు. బొడ్డు గోలీకాయంత ఉబ్బి ఉంటుంది. అది అణగాలనే ఆ నాణెం. నేను మళ్ళీ పనిలో చేరిన వారంలోనే అత్తగారు కారణం కనిపెట్టేశారు. "నువ్వు గడప దాటగానే అందుకుంటుంది రాగం. ఏడ్చి ఏడ్చి పేగు బయటికి తన్నుకొచ్చింది. కుక్కలకు లాలపోయడానికి పోయి కన్నపిల్లను ఏడుపుకు వదిలేశావు. తల్లివేనా నువ్వు?" టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా మా ఆయన అందుకున్నాడు. "అమ్మ ఊరికే అంటుందా? నెలాఖరుకి మానేయ్. కుక్కల పొట్టలు కడక్కపోతే ఎవడూ చావడు."

ఆ నింద నెత్తిన వేసుకున్నాను. భయపడి కాదు, నమ్మి. పాప ఏడ్చే మాట నిజం. వీధి మలుపు తిరిగేదాకా వినిపించేది. మలుపు తిరిగాక కూడా బస్సు బ్రేకులో, నీళ్ళ పంపులో, కుక్కపిల్ల కుయ్యిమన్నా అదే వినిపించేది. ఇల్లు ఊడ్చి, వంట చేసి, పాపకు నా పాలు పిండి గిన్నెలో పెట్టి, అందరి బట్టలూ ఆరేసి బయల్దేరినా దొంగలాగే మెట్లు దిగేదాన్ని. కొట్లో ఎవరైనా జోకేస్తే నవ్వబోయి చప్పున నోరు మూసుకునేదాన్ని. అక్కడ పిల్ల ఏడుస్తుంటే ఇక్కడ పళ్ళికిలిస్తున్నానా అని. వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నా తప్పే, కాసేపు కూర్చున్నా తప్పే.

మొన్న స్నానం చేయిస్తుంటే పాప పట్టీ ఊడింది. కింద నాణెం ఎంత ఉందో అంత మేరా చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి, తడితడిగా, వాసనొస్తోంది. ఆ వాసన నాకు తెలుసు. బిగుతు చొక్కాలు తొడిగి, విప్పడం మర్చిపోయిన కుక్కల దగ్గర వస్తుంది. అలాంటి కుక్కను తెస్తే యజమానిని ముఖం మీదే కడిగేస్తాను. ఇక్కడేం చేశాను? "కాళ్ళు పట్టుకోవే, తన్నుతోంది" అన్నారు అత్తగారు కొత్త పట్టీ చింపుతూ. పట్టుకున్నాను.

మర్నాడు కుక్కపిల్లలమ్మే ఆయన ఒక తల్లికుక్కనీ దాని పిల్లల్నీ తెచ్చాడు. మా కొట్టు వెనక గదిలోనే పశువుల డాక్టరమ్మ చూస్తుంది. ఒక పిల్లకు బొడ్డు ఉబ్బి ఉంది. ఆయన తల్లి మూతి మీద ఒక్కటేశాడు.

"ఈ దరిద్రపుదే! బొడ్డుతాడు లాగి కొరికింది. దీనికి తల్లితనమే తెలీదండీ."

తల్లికుక్క తల వంచింది. నేనూ వంచాను.

"దాన్నెందుకయ్యా కొడతావు?" అంది డాక్టరమ్మ. "మూసుకోవాల్సిన కండ మూసుకోలేదు, అంతే. ఎక్కువగా పుట్టుకతోనే వస్తుంది, వంశంలోంచి. తండ్రి కుక్క పొట్ట చూశావా?"

"తండ్రిదా? వాడు పోటీల్లో గెలిచినవాడండీ! వాడి పొట్టెవరు చూస్తారు?"

"చూడు. రేపు తీసుకురా."

ఆయన వెళ్ళాక అడిగాను. "మనుషుల పిల్లలకైతే, డాక్టరమ్మా? ఏడిస్తే వస్తుందా?"

"ఏడిస్తే బయటికి కనబడుతుంది. ఏడుపు వల్ల రాదు. చాలామందికి నాలుగైదేళ్ళలో దానంతటదే పోతుంది. అయినా పిల్లల డాక్టరుకు చూపించు. కట్లూ గిట్లూ మాత్రం కట్టకండి, చర్మం పాడవుతుంది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన సోఫాలో పడుకుని, గాలికోసం బనియను ఛాతీ దాకా మడిచి, టీవీ చూసి నవ్వుతున్నాడు. నవ్వినప్పుడల్లా బొడ్డు గుండీలా బయటికి పొడుచుకొస్తోంది. పెళ్ళయిన నాటినుంచీ చూస్తున్న బొడ్డే. ఇంటికొచ్చిన వాళ్ళకు అత్తగారు ముచ్చటగా చెప్తారు కూడా: "మావాడిది పుట్టుకతోనే గుండీ బొడ్డు. మగపిల్లాడికి అది భాగ్యం."

పాపను ఒళ్ళో వేసుకున్నాను. పట్టీని గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి నెమ్మదిగా లాగాను. ఎంత నెమ్మదిగా లాగినా పొరలాంటి చర్మం దాంతోపాటే వచ్చింది. పాప ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏమే, ఎందుకేడిపిస్తున్నావు? మళ్ళీ ఉబ్బుతుంది!"

"అత్తయ్యా, ఈయన్ని ఎవరేడిపించారు?"

ఆవిడ కొడుకు పొట్ట వైపు చూశారు. ఆయన గబుక్కున బనియను కిందికి లాక్కున్నాడు. అత్తగారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

"నేనే ఏడిపించానంది మా అత్త. అప్పుడు నేను బట్టల మిల్లుకు పోయేదాన్ని. మానిపించేశారు."

ఆవిడ ఉద్యోగం చేసిన సంగతి ఆ ఇంట్లో నేనెన్నడూ వినలేదు. జాలేసింది. అయితే జాలిపడి ఊరుకోవడమే కదా ఇంతదాకా తెచ్చింది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. అది వాళ్ళు నా నెత్తిన పెట్టిన తప్పు కాదు. పట్టీ వేస్తుంటే పాప కాళ్ళు పట్టుకున్నానే, అది నా తప్పు. దాన్ని నేనే మోస్తాను, ఎవరికీ పంచను.

పాప బొడ్డు చుట్టూ తడి అద్ది, గాలికి వదిలేశాను. మా ఆయన వైపు తిరిగాను.

"పొద్దున్నే నాకు పనుంది. పాపను పిల్లల డాక్టరు దగ్గరికి మీరు తీసుకెళ్ళండి. ఎందుకొచ్చిందని ఆయన అడుగుతాడు. బనియను ఎత్తి చూపించండి."