ఎడమవైపు రోడ్డు

బానెట్టు అయిపోయింది, కుడివైపు తలుపులు అయిపోయాయి, వెనక అద్దం కూడా అయిపోయింది. ఇక మిగిలింది ఎడమ పక్క. ఆయన తడిగుడ్డ పిండి, చుట్టూ తిరిగి వచ్చి గొంతుక్కూర్చుని, ముందు చక్రం పైనున్న మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరాడు. వేళ్ళకి గీత తగిలింది. నిన్న లేని గీత. గోరు దిగేంత లోతు లేదుగానీ, ఉంది. జేబులోంచి పాలిష్ డబ్బా తీసి, చూపుడువేలితో కాస్త తీసుకుని, గీత మీద గుండ్రంగా రుద్దాడు. ఈమధ్య ఎడమ పక్కకి పాలిష్ కాస్త ఎక్కువే ఖర్చవుతోంది.

పొట్టి మనిషి. ఎండిన చేతులు, నెరిసిన మీసం, చొక్కాకి మాత్రం కత్తిలాంటి ఇస్త్రీ. పిల్లల డాక్టరమ్మ దగ్గర ఇరవై ఏళ్ళ పైనుంచీ కారు నడుపుతున్నాడు. టాక్సీ స్టాండు వాళ్ళు ఆయనకి నత్త అని పేరు పెట్టారు. కొంచెం మర్యాద తెలిసినవాళ్ళు నత్త బాబాయ్ అంటారు. ఆయన వెనక ఇరుక్కున్న బండ్లవాళ్ళు ఏమంటారో ఇక్కడ రాయడం బాగుండదు. డాక్టరమ్మకి మాత్రం ఆ నడకే ఇష్టం. ఇంటి నుంచి క్లినిక్కు వెళ్ళేలోపు పేపరు మొత్తం చదివేసి, ఇంకా ఓపికుంటే ఒక కునుకు కూడా తీస్తుంది. "మీ పెద్ద భార్యకి స్నానం అయిందా?" అని ఇంట్లో ఆయన భార్య ఎత్తిపొడుస్తుంది. ఆ మాటకి ఆయన కోపం తెచ్చుకున్న రోజు లేదు. లోపల్లోపల కొంచెం సంతోషమే.

ఆయన నెమ్మది పుట్టుకతో వచ్చిందే. కానీ పోయిన వానాకాలం నుంచి దానికి ఇంకో కారణం తోడైంది. ఎడమవైపు చూపుకి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఉంటోంది. మొదట్లో చాలా దూరంగా, చెవి పక్కన ఉండేది ఆ చెయ్యి. రోజులు గడిచేకొద్దీ దగ్గరికి జరుగుతోంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు తన కళ్ళు పోతున్నాయని చెప్పుకోవడమంటే తన చావుకబురు తనే మోసుకెళ్ళడం. ఆ సీటు దిగితే ఇక ఆయన ఎవరు? వీధి చివర అరుగు మీద కూర్చుని దగ్గే మరో ముసలాయన, అంతే కదా. అందుకే మెడ తిప్పి చూసి, మళ్ళీ చూసి, ఇంకాస్త నెమ్మదిగా నడిపేవాడు. ఊరంతా నత్త మరీ నత్తయిపోయాడని నవ్వుకుంది.

ఆ ఉదయం డాక్టరమ్మని క్లినిక్కు దగ్గర దింపి, పెట్రోలు పోయించుకొద్దామని ఒక్కడే బయలుదేరాడు. మూల మీద ఎడమకి తిరగాలి. మెడ తిప్పి చూశాడు. ఖాళీ. స్టీరింగు తిప్పాడు. రేకు నలిగిన చప్పుడు, ఆ వెంటనే గాజు పగిలిన చప్పుడు, తరవాత మెత్తగా ఏవో రాలిన చప్పుడు వరసగా వినిపించాయి. దిగి చూస్తే, తన కారు ఎడమ మూతి ఒక తెల్ల వ్యాను పొట్టలో దూరి ఉంది. వ్యాను తలుపు ఊడి వేలాడుతోంది. రోడ్డు నిండా రొట్టెలు.

వ్యాను నడిపేవాడు దూకాడు. నలభై దాటిన మనిషి, బట్టతల, మెడలో తువ్వాలు, గొంతు మైకుసెట్టు.

"ఏం ముసలాయనా, కళ్ళు కనపడట్లేదా?"

రోడ్డు మీద పొద్దస్తమానం ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అడిగే ప్రశ్నే అది. దానికి జవాబు ఎవరూ ఆశించరు. కానీ ఆయన చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ కణత మీదికి వెళ్ళింది.

జనం మూగారు. అందరూ ఆయన పక్షమే. "నత్త బాబాయ్ గుద్దడమేంటి, నువ్వే మీదికొచ్చుంటావు!" అని కిళ్ళీ కొట్టువాడు తీర్పు చెప్పేశాడు. వ్యాను మనిషి అందరితోనూ కలిపి యుద్ధం మొదలెట్టాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చి, రెండు బండ్లనీ స్టేషన్‌కి తోలించుకుపోయాడు.

స్టేషన్ ఆవరణలో ఒక పక్క కారు, ఇంకో పక్క వ్యాను పెట్టించి, ఇద్దర్నీ బెంచీకి చెరో చివర కూర్చోమన్నారు. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి చూసేదాకా ఆగాలట. వ్యాను మనిషి ఒక్క క్షణం నోరు మూయలేదు. ఆయనకి మాత్రం కారు వైపు చూడటమే కష్టంగా ఉంది. దీపం పగిలిపోయి గుంట పడింది. మడ్‌గార్డు మీద తెల్లరంగు చార అంటుకుంది. మూతి నిండా దుమ్ము. ఇంత మురికిగా అది నలుగురి ముందూ ఎప్పుడూ నిలబడలేదు. చేతులు ఊరుకోలేదు. తోట తడిపే పనివాణ్ణడిగి బకెట్టు తెచ్చుకున్నాడు. గాజు ముక్కలు ఒక్కొక్కటీ ఏరాడు, దుమ్ము కడిగాడు, డిక్కీలోంచి మెత్తటి గుడ్డ తీసి, పాలిష్ పెట్టి, ఆ తెల్లచార పోయేదాకా రుద్దాడు. రుద్దుతున్నంతసేపూ ప్రాణం కాస్త కుదుటపడింది.

సర్వేయరు వచ్చాడు. ఫోను పైకెత్తి, కారు మూతి దగ్గరకొచ్చి, ఫోను దించేశాడు.

"ఎవరయ్యా దీన్ని తుడిచింది?"

"నేనేనండి" అన్నాడాయన. పాపం, మెచ్చుకుంటాడనుకున్నాడు.

"ఆ వ్యాను రంగు దీనికి అంటుకుని ఉండాలి కదా! అది ఎటునుంచి ఎటు గీసుకుపోయిందో చూసి, ఎవరు ఎవరి మీదికి వచ్చారో చెప్పేవాణ్ణి. దెబ్బ తగిలిన బండికి పోలీస్ స్టేషన్లో పాలిష్ పట్టినవాణ్ణి నా సర్వీసులో నిన్నే చూశాను!"

"చూశారా సార్, సాక్ష్యం మాయం చేశాడు! పైకి అలా ఉంటాడుగానీ మహా ముదురు!" వ్యాను మనిషి లేచి అరిచాడు.

"నువ్వు కూర్చో" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. నిండైన మనిషి. ఈ హెడ్డు కొడుక్కి చిన్నప్పుడు డాక్టరమ్మే వైద్యం చేసింది. "ఇందులో తేలకపోవడానికేముంది? ఈ బాబాయ్ మీద ఇన్నేళ్ళలో ఒక్క చలానా లేదు. నీమీద పోయినేడు ఇదే స్టేషన్లో కేసుంది. మీ బేకరీవాళ్ళు ఇంకోసారి జరిగితే తాళాలు లాక్కుంటామన్నారని నువ్వే చెప్పావు. ఇక ఎవరి మాట నమ్మాలి నేను?"

అంటూనే కాయితం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసింది పైకి చదివాడు. "నేను నిదానంగా ఎడమ వైపునకు మలుపు తిరుగుచుండగా, సదరు వ్యాను మితిమీరిన వేగముతో వచ్చి..." నిదానంగా అన్న మాట దగ్గర హెడ్డుకే నవ్వొచ్చింది. సర్వేయరు కూడా నవ్వాడు. "ఇది చాలు బాబాయ్. ఒక సంతకం పెట్టు, నీ క్లెయిము నడిచిపోతుంది."

వ్యాను మనిషి గాలి తీసేసినట్టు కూలబడ్డాడు. కాసేపటికి ఫోను తీశాడు. ఆ మైకుసెట్టు గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని ఎవరూ అనుకోరు. "ఏం లేదే... కొంచెం లేటయ్యేలా ఉంది. పాపని బడినుంచి నువ్వే తెచ్చుకో... ఏం లేదన్నా కదా. అన్నం తిను."

కలం ఆయన చేతిలో ఉంది. సంతకం పెడితే రేపు పొద్దున మళ్ళీ బకెట్టు, గుడ్డ, పాలిష్, వెనక సీట్లో పేపరు చప్పుడు. పెట్టకపోతే ఏమీ లేదు. ఈ మనిషేమన్నా మంచివాడా? పొద్దున్నుంచీ తనని తిట్టని తిట్టు లేకుండా తిట్టాడు. ఆయన కలం మూత పెట్టి, మళ్ళీ తీశాడు. ఇవాళ అక్కడున్నది వ్యాను. బడికి పోయే పిల్లవాడెవడైనా అయివుంటే? ఆ మాట మనసులోకి వచ్చాక ఇక కూర్చోలేకపోయాడు.

"తప్పు నాదే సార్" అన్నాడు. "నాకు కనపడలేదు."

హెడ్డు ఆయన్ని జాలిగా చూసి, వ్యాను మనిషి వైపు తిరిగాడు. "చూశావురా, నిన్ను కాపాడాలని ఎంత మాట అంటున్నాడో! బాబాయ్, మంచితనానికి కూడా ఒక హద్దుండాలి."

"నిజం సార్. ఎడమవైపు నాకు కనపడట్లేదు."

"పొద్దున నడుపుకుంటూ వచ్చావు, ఇందాకేగా అద్దంలా తుడిచావు!" అని సర్వేయరు పెదవి విరిచాడు. వ్యాను మనిషికైతే ఇదేదో కొత్త ఎత్తులా తోచింది. "ఏం ప్లాను ఇది? తరవాత నన్ను కోర్టుకి లాగుతావా?" అని లేచాడు. ఆయన గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఇరవై ఏళ్ళ మంచిపేరు అడ్డుపడి, ఆయన నోటి నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు.

డాక్టరమ్మ మధ్యాహ్నం పిల్లల్ని చూడటం ముగించి, ఆటోలో దిగింది. నెరిసిన జుట్టు, మెడలో స్టెతస్కోపు, తీయడం మరిచిపోయినట్టుంది. హెడ్డు కుర్చీ తెప్పించి, జరిగిందంతా నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"ఏంటయ్యా ఇది?"

"నిజమేనమ్మా."

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. "నా ముక్కు చూడు. పక్కకి చూడకు. నా వేలు కదులుతుంటే చెప్పు."

కుడి చెయ్యి దూరంగా చాపి, ఎడమ చెయ్యి దూరంగా చాపి, వేళ్ళు ఆడించింది. "అదుగో, కుడిపక్క కదులుతోంది" అన్నాడు వెంటనే. ఆమె రెండో చేతిని నెమ్మదిగా లోపలికి తెచ్చింది. వేలు ఆడుతూనే ఉంది. ఆయన ఆమె ముక్కుని శ్రద్ధగా చూస్తున్నాడు, బళ్ళో తప్పు చేయకూడదనుకునే పిల్లాడిలాగా. వేలు ఆమె భుజం దాటింది. చెవి దగ్గరికి వచ్చింది. చెంప దగ్గరికి వచ్చింది. హెడ్డు నవ్వు ఆపేశాడు. ఆ వేలు ఆమె కంటి పక్కకి వచ్చాక, "ఆఁ, కనపడింది" అన్నాడాయన.

వ్యాను మనిషి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానాకాలం నుంచమ్మా."

"రోజూ నీ వెనకే కదయ్యా కూర్చున్నాను" అందామె. "ఊళ్ళో పిల్లలందరి కళ్ళూ రెప్పలెత్తి చూశాను. ఇన్నేళ్ళూ నీ మెడ వెనక భాగం తప్ప ఏమీ చూడలేదు."

"మిమ్మల్ని కూర్చోబెట్టుకునే నడిపానమ్మా" అన్నాడాయన. తలెత్తలేదు. "అది తప్పే. చెబితే మీరు దిగమంటారని భయపడ్డాను."

ఆమె కాదనలేదు. రేపు పొద్దున్నే కంటి ఆసుపత్రికి తనే తీసుకెళ్తానంది. ఇంకా చెయ్యి దాటిపోకపోవచ్చంది. ఉన్న చూపునైనా నిలబెట్టుకోవాలంది. ఆయన అన్నిటికీ తలూపాడు. హెడ్డు పాత కాయితం చించేసి, ఇంకోటి రాశాడు. ఈసారి పైకి చదవలేదు. ఇలా రాస్తే కంపెనీ పైసా ఇవ్వదని సర్వేయరు చెప్పాడు. "ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. వ్యానుది కూడా నేనే బాగుచేయిస్తాను" అందామె. ఆయన సంతకం పెట్టాడు. ప్యాంటు జేబులోంచి తాళం తీసి, చొక్కా అంచుతో ఒకసారి తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడు కారుని ఎవరు తీసుకెళ్తారన్నది ప్రశ్న. ఆమెకి నడపడం రాదు. వ్యాను మనిషి గొంతు సవరించుకున్నాడు. "నేను దింపేసొస్తానమ్మా. నా బండికి మెకానిక్కు రావడానికి ఎలాగూ టైముంది." ఆయన వైపు తిరిగి ఏదో అనబోయాడు. క్షమాపణ చెప్పడం అలవాటు లేని మనిషి. "రొట్టెలన్నీ నేలపాలు చేశావు" అని మాత్రం అన్నాడు. ఆ మాటలో పొద్దుటి కారం లేదు.

"నువ్వూ ఎక్కు. ఇంటి దగ్గర దింపుతాం" అంది డాక్టరమ్మ.

ఆయన వెనక సీటు వంక చూశాడు. ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. "దగ్గరేనమ్మా. నడుస్తాను."

"రోడ్డు దాటేటప్పుడు..." అని ఆమె ఆగిపోయింది.

"నెమ్మదిగానే వెళ్తానమ్మా."

స్టేషన్ గోడ వారనే నడిచాడు. ఎడమ చెయ్యి గోడకి రాసుకుంటూ, ఇస్త్రీ చొక్కా ఎండలో మెరుస్తూ, మలుపు తిరిగి కనపడకుండా పోయాడు.

డాక్టరమ్మ వెనక్కి వెళ్ళకుండా, ఎందుకో ఆ రోజు ముందు సీట్లో కూర్చుంది. వ్యాను మనిషి సీటు వెనక్కి నెట్టుకుని, మోకాళ్ళు సర్దుకుని, ఇంజను పెట్టబోతూ ఆగాడు. "ఇదేంటమ్మా ఇక్కడ? ఆడవాళ్ళు మొహం చూసుకునే అద్దంలా ఉందే. తీసెయ్యనా?"

ఆమె చూసింది. డాష్‌బోర్డు పైన ఎడమ మూల, సరిగ్గా తన ఎదురుగా, అరచేతిలో పట్టేంత గుండ్రటి చేతి అద్దం. చుట్టూ గులాబీరంగు ప్లాస్టిక్ అంచు, వెనక బంకతో అంటించిన చెక్కముక్క. బంక ఆరి పసుపు తిరిగింది.

"వద్దు. ఉండనియ్యి" అంది.

ఆమెకి దాంట్లో తన మొహం కనపడలేదు. అది ఇన్నాళ్ళూ ఆ డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి కోసం కొలిచి వంచిన అద్దం. కిటికీ అవతలి ఎడమవైపు రోడ్డుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ, ఇంకా చూపిస్తూనే ఉంది.