ఏడో బిళ్ల

ఆ గ్రాఫిక్స్ కార్డు మా బావగారిది. కట్టబోయే ఇళ్లు ఎలా ఉంటాయో ముందే కంప్యూటర్లో బొమ్మలు చేసిచ్చే పని ఆయనది. ఈమధ్య బొమ్మ సగంలో ఉండగానే కార్డు వేడెక్కి అంతా ఆగిపోతోంది. అందుకని దాన్ని చల్లబరిచే పెద్ద కూలర్ తెచ్చారు. అది కార్డు మీద కూర్చోవాలంటే, మెమరీ చిప్పుల మీద కంపెనీవాళ్లు అంటించిన ఎనిమిది చిన్న అల్యూమినియం బిళ్లల్ని ముందు ఊడదీయాలి. ఇంకో కార్డు కొనడం ఇప్పట్లో కుదరదు. ఇది పోతే ఆయన పనీ పోయినట్టే.

ఇదంతా చెప్పి బావగారు నా చేతుల వంక చూశారు.

"నీ వేళ్లు సన్నగా ఉన్నాయమ్మా. నువ్వే తియ్యాలి."

పెళ్లయి ఈ ఇంటికొచ్చాక ఆయన నాతో ఇంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"కొత్త కోడలికి చెప్పడానికి ఇంకో పనే దొరకలేదట్రా?" అంది అత్తయ్య వంటగదిలోంచి. హమ్మయ్య, కాపాడుతుంది అనుకున్నాను. "జాగ్రత్తగా తియ్యి తల్లీ" అని మళ్లీ తన పనిలో పడింది.

బావగారు పాత కార్డొకటి తెచ్చి ముందు పెట్టారు. చిప్పు ఉండాల్సిన చోట గుంట, చుట్టూ వెంట్రుకల్లా లేచిన రాగి తీగలు.

"ఇది నేను లాగింది. బిళ్లతో పాటు చిప్పూ వచ్చేసింది. పైకి లాగకు. వేడి చేసి, మెల్లగా పక్కకి తిప్పు."

ఉంగరం తీసి మా ఆయనకిచ్చాను. ఆయన దాన్ని తన చిటికెన వేలికి తొడుక్కుని మురిసిపోయారు. ఒంట్లో కరెంటేమైనా ఉంటే పోవాలని కంప్యూటర్ డబ్బా ఇనుప అంచు ముట్టుకుని, కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నాను. హెయిర్ డ్రయ్యర్ పట్టుకునే పని మా ఆయనది. కాసేపటికి వేడిగాలి నా మెడకి తగిలింది.

"ఏవండీ, కార్డుకి!"

"నీకు చెమట పట్టిందని..."

"చెమట పడితే వేడిగాలి కొడతారా ఎవరైనా?"

అంత భయంలోనూ నవ్వొచ్చింది.

మొదటి బిళ్లని రెండు వేళ్లతో పట్టుకుని, సీసా మూత వదులు చేసినట్టు అటూ ఇటూ తిప్పాను. కింద అంటించిన టేపు సాగి, సాగి, వదిలేసింది. నల్లటి చిప్పు చెక్కుచెదరకుండా ఉంది. ఎంత ముద్దుగా ఉందో! అలా ఆరు తీశాను. అయినా భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇప్పుడు చెడగొడితే ఇంతవరకూ చేసిందంతా వృథా కదా.

ఏడోది కదల్లేదు. మళ్లీ వేడి చేశాం. ఊహూఁ.

"కొంచెం గట్టిగా తిప్పమ్మా" అన్నారు బావగారు.

తిప్పాను. కార్డు కిర్రుమంది. ఆపితే బావగారి మాట కాదన్నట్టు. తిప్పితే ఆ పాత కార్డు గతే దీనికీ. ఏం చెయ్యాలో తోచక మా ఆయన వైపు చూశాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. డ్రయ్యర్ గోడకి గాలి కొడుతోంది.

"ఆగు" అన్నారాయన. "దానికి టేపు లేదు. గ్లూ ఉంది."

"ఏంట్రా?"

"దుమ్ము దులుపుతుంటే ఊడిపోయింది అన్నయ్యా. నువ్వు తిడతావని సూపర్ గ్లూతో అంటించేశాను."

అన్నయ్య ఫోన్ చేస్తే కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడే మనిషి మా ఆయన.

బావగారి ముఖం ఎర్రబడింది. "ఇంకేముంది! ఏదైతే అదవుతుంది, తిప్పెయ్యమ్మా!"

"తిప్పను బావగారూ."

నా నోటివెంట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. "ఆ గ్లూ చల్లబడితే పెళుసవుతుంది. కాలేజీ ల్యాబులో అతికిన ముక్కల్ని అలాగే విడదీసేవాళ్లం. ఫ్రీజర్లో పెడదాం."

బావగారు కార్డుతో వచ్చిన కవరు వెతికి తెచ్చారు. కార్డుని అందులో వేసి, తడి తగలకుండా మూతి బిగించి ఫ్రీజర్లో పెట్టాం. అత్తయ్య ఐసు ట్రేలు బయటికి తీస్తూ, "రేపు దీన్ని పొయ్యి మీద పెడతామంటారు" అని గొణిగింది.

అది గట్టిగా చల్లబడేదాకా ఆగాం. మా ఆయన నా పక్కకి జరిగి, "నువ్వే విరగ్గొట్టావని అన్నయ్య అనుకుంటే నేను భరించలేను, అందుకే చెప్పేశాను" అన్నారు మెల్లగా.

బయటికి తీసి, చల్లదనం పోకముందే బిళ్ల పట్టుకున్నాను. పైకి లాగలేదు. పక్కకి తిప్పాను.

టిక్!

కళ్లు మూసేసుకున్నాను. బావగారు భూతద్దం అందుకున్న చప్పుడైంది.

"చిప్పు ఉంది" అన్నారు చివరికి.

ఎనిమిదోది టేపుదే, మళ్లీ వేడి చేస్తే బుద్ధిగా వచ్చేసింది. కార్డు మీద చెమ్మంతా పూర్తిగా ఆరాక బావగారు కొత్త కూలర్ బిగించి, కార్డుని కంప్యూటర్లో పెట్టి స్విచ్ వేశారు. స్క్రీన్ నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. కుర్చీ వెనక మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

వెలుతురు వచ్చింది. బావగారు సగంలో ఆగిన ఇంటి బొమ్మని తెరిచి నడిపించారు. మెట్లు వచ్చాయి, కిటికీలు వచ్చాయి, పైకప్పు పూర్తయింది. ఆగలేదు.

"ఒరేయ్, ఆ గ్లూ ట్యూబు మీ ఆవిడకి అప్పగించు" అన్నారు బావగారు, వెనక్కి తిరక్కుండానే.

మా ఆయన చిటికెన వేలి నుంచి నా ఉంగరం తీసి తొడుక్కున్నాను, చెయ్యి మాత్రం వదల్లేదు.