కాళ్ళు గారి హనీమూన్

ఇరవై ఏడేళ్ళు వచ్చినా యేసుపాదాన్ని పూర్తి పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. నల్లపాడులో వాళ్ళమ్మ "పెద్దోడా" అంటుంది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు తూకం వేసే ఉద్యోగం కాబట్టి అక్కడ అందరికీ అతను "కాటా పాదం". పెళ్ళిలో పాస్టరు గారొక్కరే "యేసుపాదం అను నీవు" అని గుడి మారుమోగేలా పిలిచారు గానీ, ఆ సమయంలో కొత్త బూటు మడమ కొరుకుతూ ఉండటంతో ఆ వైభవం పాపం అతని చెవికెక్కలేదు.

ప్రమాణంలో పెళ్ళికూతురు రెబ్కా కూడా ఆ పేరు అనాలి కదా అంటారేమో. అంది. సరిగ్గా ఆ ముక్క దగ్గరే బయట బ్యాండువాళ్ళు బాజా మొదలెట్టారు, వాళ్ళ దుంపతెగ! ఆ తర్వాత మళ్ళీ అనలేదు. ఎందుకంటే వాళ్ళ నాయనమ్మ ఎలీసమ్మ, చీమకుర్తి నుంచి సాగనంపేటప్పుడు, మనవరాలి చెవిలో ఒక మాట వేసింది. "మొగుడి పేరు నోటితో అన్నావంటే, అన్నప్పుడల్లా ఆయన ఆయుష్షు తగ్గుద్దే. నేను తెలీక రెండుసార్లన్నా. మీ తాత డెబ్బైకే పోయాడు."

రెబ్కా ఏ పనైనా సగం చేసే పిల్ల కాదు. పేరు మానేయడంతో ఆగకుండా పేరులోని ముక్కల్ని కూడా మానేసింది. ప్రార్థనలో "ప్రభువు" అంటుంది తప్ప ఆ రెండక్షరాలు పలకదు. పాటలో ఆ మాట వస్తే అక్కడ "ఊఁ ఊఁ" అని రాగం తీసి ముందుకు పోతుంది. పాదం అనే మాట ఆమె నిఘంటువులోంచి పూర్తిగా లేచిపోయింది, ఇప్పుడన్నీ కాళ్ళే. మొగుణ్ణి మాత్రం "ఏవండీ", "ఇదిగో", "మిమ్మల్నే".

యేసుపాదానికి ఇది మహా కొరతగా ఉంది. భార్య అందంగా ఉంది, గోంగూర పచ్చడి అద్భుతంగా చేస్తుంది, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ నోట తన పేరు ఒక్కసారి వినకపోతే ఈ పెళ్ళి పూర్తయినట్టు కాదని అతనికి గట్టిగా అనిపించింది. హనీమూన్‌లో ఎలాగైనా అనిపించాలని పట్టుపట్టి బయల్దేరాడు.

హనీమూన్ అతని సొంత ఆలోచన కాదులెండి. యార్డు వ్యాపారి అంకమ్మరావు గారి బావమరిది చీరాల దగ్గర వాడరేవులో కొత్తగా రిసార్టు కట్టాడు. పెళ్ళి కానుకగా మూడు రోజులు ఉండి రమ్మని ఆయన ఒక చీటీ రాసిచ్చారు. అలా ఎనభై ఆరు మే నెలలో, ట్రంకుపెట్టెతో, రెండు జాడీల పచ్చళ్ళతో, పాసింజరు దిగి బస్సెక్కి ఇద్దరూ సముద్రం ఒడ్డుకి చేరారు.

రిసార్టు పేరు హవాయి. సరుగుడు తోట పక్కన నాలుగు తాటాకు కాటేజీలు. కొబ్బరి మొక్కలు మోకాలెత్తుకి మించి ఎదగలేదు కాబట్టి గోడల మీద పెద్ద పెద్ద కొబ్బరిచెట్లు పెయింటు వేయించారు. బోర్డు చూసి చుట్టుపక్కల పల్లెల జనం రోజుకి నలుగురైనా వచ్చి "తొమ్మిదో నంబరు చెప్పులున్నాయా?" అని అడుగుతుంటే, మేనేజరు మీరా హుస్సేన్ ప్రాణం విసిగిపోయి ఉన్నాడు.

వీళ్ళని చూడగానే కూడా ఆయన "చెప్పుల్లేవమ్మా" అన్నాడు. చీటీ చూపించాక రిజిస్టరు తెరిచాడు గానీ తాళంచెవి ఇవ్వలేదు. క్రితం వారం ఇంట్లోంచి లేచిపోయి వచ్చిన జంటకి తెలియక గదిచ్చాడట. పిల్ల అన్నలు వచ్చి రెండు కుర్చీలు, ఒక వంటవాడి చెయ్యి విరగ్గొట్టి పోయారట. అప్పట్నుంచి ఎవరొచ్చినా మగమనిషిని చెట్టు కింద నిలబెట్టి, ఆడమనిషిని విడిగా ప్రశ్నలడుగుతున్నాడు.

"మీ ఆయన పేరు చెప్పమ్మా."

"చెప్పకూడదండి."

"చూశావా! తెలీదన్నమాట."

"తెలుసండి. చెప్పకూడదండి."

దూరంగా గోడమీది కొబ్బరిచెట్టు కింద నిలబడ్డ యేసుపాదం ఆశగా మెడ సాచాడు. ఇప్పుడు తప్పదు, చెప్పి తీరాలి. మీరా హుస్సేన్ రిజిస్టరు మూసేసి, మధ్యాహ్నం బస్సు ఇంకో గంటలో ఉందన్నాడు. రెబ్కా చెమటలు కక్కింది. గోళ్ళు కొరికింది. ఆఖరికి దారి దొరికినట్టు ముఖం వెలిగిపోయింది.

"ప్రభువు గారి కాళ్ళు అని రాసుకోండి," అంది.

మీరా హుస్సేన్ మూసిన రిజిస్టరు మళ్ళీ తెరిచాడు.

"మా జైతున్‌బీని నేను చేసుకుని పదహారేళ్ళు. ఈ రోజుకీ నా పేరు దాని నోట రాలా," అన్నాడు మెత్తబడి. "లేచిపోయొచ్చిన పిల్లయితే మొగుడి పేరు గడగడా చెప్పుద్ది. నువ్వు పెళ్ళామే తల్లీ." గంభీరంగా రిజిస్టరులో "శ్రీ ప్రభువు గారి కాళ్ళు, నల్లపాడు" అని రాసి తాళంచెవి చేతిలో పెట్టాడు.

ఇహ చూస్కోండి. ఆ రెండు రోజులూ హవాయిలో యేసుపాదం బతుకు బతుకు కాదు. "కాళ్ళు గారికి ఇడ్లీ!" అని విరిగిన చేతి వంటవాడి కేక. "కాళ్ళు గారూ, బకెట్లో నీళ్ళు పెట్టా," అని ఊడ్చే అంకాలు పలకరింపు. నవ్వాపుకోలేక రెబ్కా కొంగు నోట్లో కుక్కుకునేది. ఉన్న పేరు వినాలని వస్తే ఉన్న సగమూ ఊడింది.

రెండో రోజు సాయంత్రం ఒడ్డున కూర్చుని బతిమాలాడు. "ఒక్కసారి. చెవిలోనే. ఈ హోరులో ఎవరికీ వినపడదు."

"దేవుడికి వినపడదాండీ?"

"అంతా మీ నాయనమ్మ చాదస్తం!"

"చాదస్తమో ఏమో. మీ ఆయుష్షుతో నేను ఆటలాడను," అని రెబ్కా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతనికి కోపం వచ్చింది. కొత్త మొగుడు అలిగితే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా, అన్నం దగ్గర అప్పడం కూడా ముట్టలేదు.

మూడో రోజు ఉదయం అలక తీరకుండానే, అత్తారు పెట్టిన పట్టంచు లుంగీతో ఒక్కడే సముద్రంలో దిగాడు. రెబ్కా ఒడ్డున గవ్వలు ఏరుతూ ఓ కన్ను అటే వేసి ఉంచింది. అప్పటికే నరసరావుపేట వైపు నుంచి ఓ చర్చి సంఘం ఆడవాళ్ళు, పులిహోర డబ్బాలు మోసే మొగుళ్ళని వెంటేసుకుని, బస్సులో పిక్నిక్కి దిగారు. ఒడ్డంతా సందడిగా ఉంది.

యేసుపాదం నడుం లోతులో చేతులు కట్టుకుని, భార్యకి వీపు పెట్టి, ఇంకా అలుగుతున్నాడు. ఒక పెద్ద అల వచ్చింది. పోతూ పోతూ లుంగీని పట్టుకుపోయింది. లోపల ఉన్నది ఎర్ర చారల డ్రాయరు, అదీ పెళ్ళికి ముందుది, వెనక చిరుగుతో. ఒడ్డున చూస్తే యాభైమంది ఆడవాళ్ళు. చటుక్కున నీళ్ళలో గొంతుక్కూర్చున్నాడు. తలకాయ మాత్రం పైకి తేలింది.

రెబ్కాకి తలకాయే కనపడింది. మునిగిపోతున్నాడనుకుంది.

"ఏవండీ!" అని కేకేసింది.

ఒడ్డున పులిహోర డబ్బాలతో ఉన్న మొగుళ్ళంతా ఒక్కసారిగా తిరిగి చూశారు. ఒకాయన అలవాటుకొద్దీ "వస్తున్నానే" అన్నాడు కూడా.

"మిమ్మల్ని కాదండీ! ఇదిగో! మిమ్మల్నే!"

ఇంకో నలుగురు తిరిగారు. యేసుపాదానికి వినపడింది గానీ ఏమని పలకాలి? దగ్గరికి రావద్దని చెయ్యెత్తి ఊపాడు. మునిగిపోయేవాడు సాయం కోసం ఊపేది కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ ఊపులోనే ఇంకో అల తల మీంచి దొర్లిపోయింది. తలకాయ కూడా కనపడకుండా పోయింది.

రెబ్కా ఒళ్ళోని గవ్వలు నేల రాలాయి. నాయనమ్మా లేదు, ఆయుష్షూ లేదు. గుండెల్లో ఉన్న గాలంతా కూడదీసుకుని అరిచింది.

"యేసుపాదం!"

"స్తోత్రం!" అంది వెనకనుంచి ఆ సంఘం పాస్టరమ్మ గారు.

"యేసుపాదం! ఓ యేసుపాదం!"

"స్తోత్రం! హల్లెలూయ!" అన్నారు యాభైమందీ. ఇద్దరు ముగ్గురు ఇసకలో మోకాళ్ళూనారు. పిల్లకి ఎంత విశ్వాసమో అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"ఒడ్డుకి రండి యేసుపాదం గారూ!"

నీళ్ళు మింగి, దగ్గి, తల పైకెత్తిన యేసుపాదం చెవిలో ఆ పిలుపు పడింది. పూర్తి పేరు. ఒక్క అక్షరం మింగకుండా. ప్రాణం లేచివచ్చింది, ఆ సంతోషంలో మనిషి కూడా లేచి నిలబడ్డాడు.

ఎర్ర చారల డ్రాయరు ఎండలో ధగధగలాడింది. స్తోత్రాలు ఆగిపోయాయి. యాభై కొంగులు ముఖాల మీదికి వచ్చాయి. అతనికి ఒక్కరూ కనపడలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ తిన్నగా భార్య దగ్గరికి నడిచొచ్చాడు.

"ఏమన్నావ్? మళ్ళీ అను!"

ఆమె రెండు చేతులా అతని ఛాతీ మీద బాదింది. తర్వాత తన భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టింది. చుడుతూనే ఏడ్చింది. "నాలుగుసార్లు అన్నానండీ. నాలుగుసార్లు! ఎంత తగ్గిందో ఏమో."

"తగ్గనియ్. నాకు బోలెడుంది. ఇంకొక్కసారి అను."

రెబ్కా ముక్కు తుడుచుకుని, తువ్వాలు ముడి ఇంకాస్త గట్టిగా బిగించింది.

"అననండీ," అంది. "మిగిలింది నాక్కావాలి."