జేబులో వేసుకో

"పొద్దస్తమానం చెత్త ఏరడానికి ఇంత ఇస్త్రీ ఎందుకో!" అన్నాడు భర్త, తన చొక్కా కూడా ఆమె ముందు పడేస్తూ. ఆమె తన యూనిఫాం పక్కన పెట్టి ఆ చొక్కా అందుకుంది. అతను విమానాశ్రయంలో, విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో మెకానిక్. ఆమెది అక్కడే రన్‌వే భద్రత. జీపులో తిరుగుతూ విమానాల దారిలో పడ్డ రాయో రేకుముక్కో కనిపెట్టి తీసేయాలి. ఇంజన్ చిన్న మేకును మింగినా ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంట్లో మాత్రం అది ఊడ్పు పనే. తాగి డ్యూటీకి వెళ్తున్నాడని అత్తగారితో చెప్పుకుంటే, "మగాడన్నాక సవాలక్ష ఉంటాయి. నువ్వే కడుపులో పెట్టుకోవాలమ్మా" అందావిడ. పెట్టుకుంది. చెంప వాచిన రోజు పన్ను నొప్పని అందరికీ చెప్పింది.

ఆ మధ్యాహ్నం హ్యాంగర్ నుంచి వచ్చే దారి మలుపులో చక్రానికి బిగించే బోల్టు ఒకటి కనిపించింది. తీస్తే వేళ్ళకు తాజా గ్రీజు అంటింది. పొద్దున మరమ్మతు ముగించుకుని ఆ మలుపు తిరిగిన విమానం ఒక్కటే. ఇప్పుడు దాని మెట్లెక్కుతున్నారు జనం.

భర్తకు ఫోన్ చేసింది. "మలుపులో బోల్టు దొరికింది. పొద్దున వెళ్ళిన విమానం చక్రాలు బిగించింది నువ్వేనా?"

"ఎవరైనా చూశారా?" అన్నాడు.

"లేదు."

"అయితే జేబులో వేసుకో. నా ఉద్యోగం ఊడితే నీకేం ఒరుగుతుంది?" గొంతు తగ్గించాడు. "బంగారం కదూ!"

పెళ్ళైన కొత్తలో విన్న మాట. తను దాచిపెడుతుందని అతనికి ఎంత నమ్మకం! ఆ నమ్మకాన్ని ఇన్నేళ్ళూ పెంచి పోషించింది తనే. మెట్ల మీద ఒకావిడ చంటిబిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటోంది.

ఆమె రేడియో అందుకుంది. "టవర్, పొద్దున మరమ్మతైన విమానాన్ని కదలనివ్వకండి. చక్రాలు చూడాలి."

అందర్నీ దింపారు. చక్రం దగ్గర ఒక బోల్టు లేదు. పక్కవి చేత్తో తిప్పితే తిరిగాయి. పై అధికారి అడిగితే అంతా చెప్పింది, తాగుడు సంగతితో సహా.

కాసేపటికి ఫోన్‌లో భర్త సందేశం. 'సాయంత్రం ఇంటికేగా వచ్చేది.' తిట్టు లేదు, అరుపు లేదు. అతను అరవని రోజులే ఆమెకు బాగా గుర్తు.

జీపు పక్కకు ఆపి అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, మీ ఇంట్లో నాకు చోటుంటుందా?"

"అదేం మాటే! ఈ రాత్రికా?"

"కాదక్కా," అంది, "ఇకమీదట."