కిటికీ మేర గరిక

మత్తయ్య రెండో కావడి దించేసరికి తూర్పున ఇంకా ఎర్రదనం రాలేదు. అడుగున చిల్లులు పొడిచిన కిరసనాయిలు డబ్బాను గరిక మీద తక్కువ ఎత్తులో పట్టుకుని, గోడ నుంచి మెల్లగా వెనక్కి నడుస్తూ నీళ్లు వదులుతున్నాడు. పొద్దెక్కాక పోస్తే సగం నీళ్లు ఎండే తాగుతుంది. రోజూ పైపైన చిలకరిస్తే వేరు బద్ధకించి పైనే ఉండిపోతుంది. అందుకే ఒకసారి మట్టిలో వేలు పూర్తిగా దిగేదాకా తడిపితే, నేల మళ్లీ అడిగేదాకా దాని జోలికి పోడు. వానాకాలమంతా కావడి గోడకు ఆనుకునే ఉంటుంది. చలికాలంలో అడుగు వేసిన చోట గరిక తిరిగి లేవకపోతేనే నీళ్లు. ఎండాకాలంలో కొడవలి పెట్టడు. పెరిగిన గరిక తన మొదలుకు తానే నీడ పడుతుంది.

సూర్యాపేటలో వకీలు తులసీరాం ఇంటి ముందు ఆ పచ్చిక వేయించింది ఆయన భార్య దుర్గమ్మ. కోదాడ దగ్గరి పుట్టింటి నుంచి తడిగోనెలో గరిక దుబ్బులు చుట్టి బండిలో తెచ్చుకుంది. ఆ ఏడే మత్తయ్య పనిలో చేరాడు. మోతె అనే ఊళ్లో వెట్టిచాకిరీ పడలేక భార్య మరియమ్మతో పేటకు వచ్చినవాడు. మొదట కట్టెల అడితిలో మోపులు మోశాడు, సత్రం ఊడ్చాడు. తర్వాత కలరా గత్తరలో మరియమ్మ పోయింది. పిల్లలు లేరు. ఆమెను పూడ్చి వచ్చిన మర్నాడు కూడా తెల్లవారకముందే తోటబావి గిలక కిర్రుమంది. దుర్గమ్మ బయటికి వచ్చి, ఏమీ అడగకుండా, వేడి గంజి చెంబు గట్టు మీద పెట్టి పోయింది. ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడూ తక్కువే.

మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయిన తర్వాతి వేసవి అది. బావులు అడుగంటాయి. దుర్గమ్మ చలికాలం నుంచి మంచం దిగలేదు.

"గడ్డికెందుకు మత్తయ్యా నీళ్లు? ఇంట్లకే సాలుత లేవు. ఇడిసిపెట్టు," అన్నాడు తులసీరాం ఒకనాడు.

"జర కిటికీ మేరకన్న ఉంచుత సాబ్. అమ్మ సూస్తది."

వకీలు సరేనని తలూపాడు.

అప్పటి నుంచి, మంచం మీద పడుకున్న మనిషికి కిటికీలోంచి ఎంత కనబడుతుందో అంతే తడుపుతున్నాడు. మిగతా పచ్చికంతా గోనెపట్టా రంగుకు తిరిగింది. ఆ సంగతి దుర్గమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున కిటికీలోంచి దుర్గమ్మ గొంతు వినిపించింది.

"మత్తయ్యా, తడిలో కాళ్లు పెట్టాలనుంది. బయటికొస్తున్నా."

డబ్బా అతని చేతిలోనే ఆగిపోయింది. "సల్లగుంటది అమ్మా. రేపు సూద్దాం."

"రేపటి మాట రేపు."

వకీలు కేసు పని మీద మిర్యాలగూడ వెళ్లాడు. వంటమనిషి బాలమ్మ ఆమెను గడప దాటించింది గాని, మెట్ల దగ్గర ఒక్కతి చాలలేదు. దుర్గమ్మ రెండో చెయ్యి చాపింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ మత్తయ్య చేతికి చెంబు అందించలేదు. గట్టు మీద పెడితే తీసుకునేవాడు. తడి చేతులు పంచెకు తుడుచుకుని అక్కడే నిలబడ్డాడు.

"పట్టుకో. పడిపోయేట్టున్నా."

పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎండుపుల్లంత తేలికగా ఉంది.

గరికలో కాళ్లు పెట్టి ఆమె కళ్లు మూసుకుంది. తెరిచాక చుట్టూ చూసింది.

"ఇదంతా ఎప్పుడెండింది?"

"నీళ్లు లేవమ్మా. కిటికీకాడిది మటుకే సాకిన. కడమది ఎండింది గాని సావలే. వాన పడితే మళ్ల లేస్తది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే."

ఆమె నవ్విందో, ఆయాసపడిందో తెలియలేదు. "నేను చూసింది చాల్లే. రేపటి నుంచి ఆ ఎండిన వైపు నీళ్లు పొయ్యి."

"గట్లయితే ఇది ఎండుతది."

"ఎండనీ. మళ్లీ లేస్తదని నువ్వే అన్నావు కదా."

ఎండ పాదాల మీదికి వచ్చేదాకా నిలబడి, లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం బాలమ్మ గంజి పట్టుకెళ్లేసరికి దుర్గమ్మ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. పలకలేదు. కబురు అంది వకీలు మోటారులో పొద్దు వాలకముందే వచ్చాడు. ఆఖరి స్నానం చేయించడానికి ఇంటిబావి నీళ్లు చాలలేదు. మత్తయ్య తోటబావిలో మిగిలినవన్నీ తోడి తేసాగాడు. అతని చేతి నీళ్లు చూసి చుట్టాల్లో ఒక పెద్దాయన ఏదో అనబోయాడు.

"తేనియ్యండి," అన్నాడు తులసీరాం.

మర్నాడు తెల్లవారకముందే మత్తయ్య మళ్లీ బావి దగ్గరికి వచ్చాడు. రాత్రి ఊరిన కొద్ది నీళ్లు డబ్బాల్లోకి తోడుకుని, కావడి భుజానికెత్తుకుని, కిటికీ వైపు చూడకుండా ఎండిన వైపు నడిచాడు. వెలుగు పరుచుకుంటుండగా ఖాళీ కావడితో కిటికీ ముందు నుంచి తిరిగొస్తూ, కాలి కింద ఏదో గట్టిగా తగిలి ఆగాడు.

గరిక మొదళ్ల మధ్య, నిన్నటి తడి ఇంకా ఆరని మట్టిలో సగం దిగి, చిక్కిపోయిన కాలి వేలి నుంచి జారిన వెండి మెట్టె ఒకటి ఉంది.