గోడ మీది వాగ్దానం

“ఆ అట్టముక్క జోలికి పోయినావంటే చెయ్యి ఇరుగుతాది, చెప్తాండా,” అంది మా అత్త సువార్తమ్మ, మూడోసారి.

“ఇల్లంతా తెల్లగా అయ్యి, అక్కడొక్క చోట మురికిగా మిగిలితే ఏం బాగుంటాది జేజీ? క్రిస్మస్‌కి వచ్చినోళ్ళు నవ్వరా?” నా కూతురు సుప్రియ గోడ గీకే రేకుముక్కను కింద పెట్టలేదు.

“నవ్వనీ. ఇప్పుడేమన్నా ఏడుస్తాండారా?”

గుమ్మంలో సున్నం బక్కెట్టు పట్టుకొని మా మరిది ఎడ్విన్ నిలబడి ఉన్నాడు. సున్నం కొట్టడం కోసం ఆ రోజు ఆటో బయటికి తియ్యలేదు. ఎనిమిదింటికి మొదలైన తగువు తొమ్మిదిన్నరైనా తెగలేదు.

“అమ్మా, దాని చుట్టూ కొడతాలే. కార్డుకి చుక్క తగలనియ్యను,” అన్నాడు.

“కార్డు కింద రాతో?”

“రాత వదలాలంటే మూరెడు గోడ వదలాల.”

“వదులు. రాసిచ్చినోడు ఎప్పుడన్నా ఇటు వస్తే చూసుకుంటాడు.”

రాసిచ్చినోడు అంటే దేవుడు. నాలుగు నెలలుగా మా అత్త ఆయన పేరెత్తడం లేదు.

“వదినా, నువ్వన్నా చెప్పు,” అన్నాడు ఎడ్విన్.

నేను మిషను మీద ఎవరిదో జాకెట్టుకు చంకలు కలుపుతున్నాను. తలెత్తకుండా, “ముందు బయట గోడలు కానియ్యి,” అన్నాను. ఎడ్విన్ బక్కెట్టు ఎత్తుకొని వెళ్ళాడు. “సాయంత్రానికి తేల్చుకోండి, సున్నం గట్టిపడతాది,” అని వాకిట్లోంచి కేకేశాడు.

మంచం తలవైపు గోడకు ఉన్న ఆ కార్డు పోస్టుకార్డంత ఉంటుంది. అంచున గులాబీలు, మధ్యలో నీలం అక్షరాల్లో దీర్ఘాయువు ఇస్తానన్న వాక్యం. మా చర్చిలో ఏటా జనవరి ఒకటి ఆరాధనలో అందరం తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళతో అన్న మాట. మా ఆయన వరప్రసాదం ఆ రోజు ఇంటికి రాగానే నాలుగు అన్నం మెతుకులు నలిపి దాన్ని గోడకు అంటించాడు. కింద బలపంతో రాసుకున్నాడు: మేకల కొట్టం. అమ్మకు కంటి ఆపరేషన్. సుప్రియ బి.ఎడ్. సలోమికి బల్ల, కుర్చీ. సలోమి అంటే నేను.

అయినవి ఒక్కొక్కటే కొట్టేస్తానన్నాడు. ఆగస్టు పద్నాలుగున పోయేనాటికి ఒక్కటీ కొట్టెయ్యలేదు. మా అత్తకు చదువు రాదు. అయినా తన కంటి సంగతి రెండో వరసలో ఉందని తెలుసు. అప్పుడప్పుడు దాన్ని వేలితో తడుముతుంది.

ఆయన మా ఊరు మార్కాపురంలోనే పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు కోత మిషను మీద పనిచేశాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఒంగోలు డాక్టరు ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకు పట్టి చూపించి, పట్టిన దుమ్మును తీసే మందు లేదమ్మా, ఆయాసం తగ్గించడమే మన చేతిలో ఉంది అన్నాడు. ఆ మాట నాతోనే అన్నాడు. మా ఆయన అప్పుడు బయట బెంచీ మీద కూర్చుని పక్కవాళ్ళకు ఏ బస్సు ఎన్నింటికో చెబుతున్నాడు.

నేను పదకొండేళ్ళుగా ఒక క్రైస్తవ కుటుంబ పత్రికకు ప్రేమకథలు రాస్తున్నాను. మా పత్రికలో పెళ్ళికి ముందు ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు. ప్రార్థన చేసుకుంటారు, ఉత్తరాలు రాసుకుంటారు, పన్నెండో భాగంలో చర్చిలో పెళ్ళి. వీటన్నిటికీ మొదలు ఆయనే. పెళ్ళికి ముందు సండేస్కూలుకు పలకలు ఇవ్వడానికి వచ్చి, ఒకదాని మీద రెండు మాటలు రాసి నాకు ఇచ్చాడు. ఎవరన్నా చూస్తే తుడిచెయ్యొచ్చు కదా అన్నాడు. ఆ పలక నా మొదటి కథ అయ్యింది. తర్వాత అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ఇంటికి తెచ్చేవాడు. నేను కథను ముందు వాటి మీద రాసుకొని, తుడిచి, సరిచేసి, కాగితం మీదికి ఎక్కించేదాన్ని. పత్రిక వచ్చిన రోజు ఆయన మా అత్తను మంచం మీద కూర్చోబెట్టి భాగమంతా గొంతెత్తి చదివేవాడు.

“నీ హీరోలు ఒక్కనికన్నా దగ్గు రాదేందే?” అని ఎగతాళి చేసేవాడు. “అందరూ ఆరడుగులే. అందరికీ బండ్లే. ఒక్కన్నన్నా మా ఫ్యాక్టరీలో పనికి పెట్టు.”

పెట్టాను. ఇప్పుడు నడుస్తున్న సీరియల్లో జోయెల్‌కు దగ్గు. డాక్టరు చెప్పింది హీరోయిన్ హెప్సిబాకు తెలుసు, అతనికి చెప్పకుండా దాస్తోంది. ఆ అమ్మాయి ప్రేమను మెచ్చుకుంటూ పాఠకుల నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి.

ఆ రోజు పదకొండింటికి సంపాదకులు ఫోన్ చేశారు. “జనవరి సంచికకు స్వస్థత జరిగిపోవాలమ్మా సలోమి గారూ. ఉపవాస ప్రార్థన పెట్టించండి, జోయెల్‌ను లేపండి. కొత్త సంవత్సరంలో పాఠకుల్ని ఏడిపించొద్దు. రేపటికల్లా పంపాలి.”

సరేనన్నాను. పలక ముందు పెట్టుకొని, జోయెల్ మంచం మీద లేచి కూర్చున్నాడు అని రాశాను. తడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచాను.

గోడ మీదున్న ఆ కార్డు ఆయనది కాదు. నాది.

జనవరి ఒకటిన వేదిక దాకా నడిచే ఓపిక లేక ఆయన వెనక కుర్చీలో కూర్చున్నాడు. పాస్టరు గారి భార్య అయ్యగారమ్మ పట్టుకున్న పళ్ళెంలో కార్డులు బోర్లా పరిచి ఉన్నాయి. మా ఆయనది కూడా నేనే తీసుకుంటానమ్మా అన్నాను. మనసులో ఆయన పేరు అనుకొని ఒకటి తీశాను. తర్వాత నా కోసం ఒకటి. స్తంభం పక్కన ఆగి తిప్పి చూశాను. నాది దీర్ఘాయువు. ఆయనది, కృప నీకు చాలు అన్న మాట.

వినడానికి అది చాలా మంచి మాట. పెళ్ళికార్డుల మీద కూడా వేయిస్తారు. కానీ సండేస్కూల్లో పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. శరీరంలో గుచ్చుకున్న ముల్లు తియ్యమని మూడుసార్లు బతిమాలుకున్నవాడికి దొరికిన జవాబు అది. ముల్లు తియ్యలేదు.

వెనక నుంచి ఆయన, ఏమొచ్చింది అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. నేను నడిచి వెళ్ళి నాది ఆయన చేతిలో పెట్టాను. నా కథల్లో అమ్మాయిలు ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆడారు. అన్నీ మేలుగానే తేలాయి.

ఆయన ముఖం వెలిగిపోయింది. మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో కుర్చీ పట్టుకొని లేచి, సంఘమంతటికీ ఆ కార్డు చదివి వినిపించాడు. జూన్‌లో ఆయాసం ముదిరింది. పక్కన కూర్చుని, మీ మనసులో ఏమన్నా ఉంటే చెప్పండి అని అడిగాను. “ఏందే, అప్పుడే పంపించేటట్టుండావు? దీర్ఘాయువు మనిషిని,” అని నవ్వి దగ్గాడు. పోయేరోజు ఆయన చివరి మాట మేకలకు ఆకు కొయ్యమని ఎడ్విన్‌కు చెప్పడం. తల్లికి ఒక్క మాట చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికలో సంఘపెద్ద ఒకాయన ప్రార్థన చేస్తూ, “ప్రభువా, నీ వాగ్దానం తప్పదు, మా విశ్వాసమే చాలడం లేదు,” అన్నాడు. మా అత్త ప్రార్థన మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె చర్చి మెట్టెక్కలేదు. పంపు దగ్గర, పెళ్ళిళ్ళలో కూడా ఆ మాటే తిరిగింది: పాపం వరప్రసాదానికి వాగ్దానం వచ్చిందంట, విశ్వాసం చాలక నిలుపుకోలేకపోయినాడంట. నేను అక్కడే ఉండేదాన్ని. వింటూ ఉండేదాన్ని.

మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి దొడ్లోకి వెళ్ళాను. మా అత్త రెండు మేకలకు సుబాబుల్ ఆకు తుంచి వేస్తోంది.

“సలోమీ, నీ కథలో ఆ దగ్గుపిల్లోడు బతుకుతాడా?”

“బతికించమంటున్నారు అత్తా.”

“బతికించు. రాసినోళ్ళకు ఏం పోతాది?” మేక మూతిని పక్కకు తోసింది. “వాడు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినా నాకు చెప్పి ఎగ్గొట్టేవాడు. అట్లాంటోడు, పోయి వస్తానమ్మా అని అనకుండా పోయినాడు. పోతానని తెలిసుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకోడా? ఏదో ఒకటి చెప్పడా? ఆ కార్డు కట్టేసింది వాని నోరు. నాకు దాని మీదనే కోపం. అయినా వాడు అంటించింది, ఎట్ల పీకేది?”

“అన్నం చల్లారిపోతాంది,” అన్నాను.

తిరిగి వచ్చి పలక తీసుకున్నాను. హెప్సిబా డాక్టరు కాగితం తెచ్చి జోయెల్ చేతిలో పెట్టింది అని రాశాను. ఆ వాక్యాన్ని తుడవలేదు.

సాయంత్రం ఐదింటికి ఎడ్విన్ చేతులు కడుక్కొని లోపలికి వచ్చాడు. ముక్కు మీద సున్నం. “ఏమైంది పంచాయితీ?”

“జేజి గెలిచింది,” అంది సుప్రియ టీ గ్లాసులు పెడుతూ. “ఆమె చచ్చేదాకా ఆ గోడ అట్లనే ఉంటాదంట.”

“నా ఎనక మీరు తారు పూసుకోండి, నాకేం,” అంది మా అత్త.

నేను లేచి గుడ్డ తడిపి కార్డు మీద అద్దాను. మా అత్త గ్లాసు ఎత్తబోయి ఆగింది. సుప్రియ “అమ్మా” అంది. మెతుకులు నానిన కొద్దీ కార్డు దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. కింది రాతకు తడి తగలనివ్వలేదు. మిషను సొరుగులోంచి రెండో కార్డు తీసి రెండూ మంచం మీద పెట్టాను.

“అత్తా, ఇది ఆయనది కాదు. నాకొచ్చింది. ఆయనకొచ్చింది ఇది. నేనే మార్చి ఇచ్చినాను.”

ముందు ఎడ్విన్‌కు అర్థమైంది. “ఏంది వదినా, ఏమంటాండావు?”

“చదువు,” అంది మా అత్త సుప్రియతో. “నా కొడుకుది చదువు.”

సుప్రియ చదివింది. చదువుతూనే ఏడ్చింది.

“అంటే ఏంది?” మా అత్త నన్నడిగింది.

“బాధ పోదు, నేను తోడుంటాను అని.”

ఆమె ఆ కార్డును చేతిలోకి తీసుకొని కంటికి దగ్గరగా పెట్టుకుంది. పొర పట్టిన కళ్ళకు గులాబీలైనా కనపడ్డాయో లేదో.

“ఇది వానికిచ్చుంటే?”

“ఏడ్చుండేవాడు అత్తా. తర్వాత మీతో మాట్లాడుండేవాడు.”

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తిట్టనూ లేదు. మంచం పట్టీ మీద చెయ్యి వేసి కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. “పైనున్నాయన్ని ఊరికే తిట్టినా నాలుగు నెలలు,” అంది చివరకు. నా వైపు వీపు తిప్పింది.

“అమ్మా, ఇంక ఈ మాట ఇంట్లోనే ఉండనీ,” అంది సుప్రియ ఏడుస్తూనే. “నాయన తిరిగొస్తాడా ఇప్పుడు? ఎవరికి తెలుసు నువ్వు మార్చినట్టు?”

“అవును వదినా. సండేస్కూలు చెప్పేదానివి, పేపర్లో కథలు రాసేదానివి. వాక్యం మార్చిందంట అని ఊరంతా అంటారు. పత్రికోళ్ళకు తెలిస్తే నీ సీరియల్ ఆపేస్తారు.”

“ఆపనీ.”

గోడ మీద కార్డు ఊడిన చోట దీర్ఘచతురస్రంగా శుభ్రమైన జాగా తేలింది. దాని కింద ఆయన బలపం రాత నాలుగు వరసలూ ఉన్నాయి. ఎడ్విన్‌ను చూసి, “దాని చుట్టూ కొట్టు,” అన్నాను. తర్వాత ముగ్గురికీ వినపడేటట్టు, గొంతు పెంచకుండా చెప్పాను.

“ఆయనకు విశ్వాసం చాలలేదన్నారు. అది నేను విని ఊరుకున్నాను. ఎల్లుండి ఆదివారం సాక్ష్యాల సమయంలో రెండు కార్డులూ పట్టుకొని లేచి చెప్తాను. ఆయన నిలబడి చదివిన చోటనే నిలబడతాను. మీరు వచ్చినా సరే, రాకున్నా సరే.”